హైమ గారి వాకిలి

రత్నమాణిక్యం గారు ఎవరినైనా "నువ్వు" అనగా నేనింతవరకూ వినలేదు. కూరగాయల బండి అతన్ని "వంకాయలు లేతగానే ఉన్నాయాండి" అని అడుగుతారు. ఇంటిపనికి వచ్చే వీరమ్మ ఆలస్యమైతే "ఒంట్లో బాగోలేదాండి" అంటారు. గోడ మీద కూర్చున్న పిల్లిని సైతం "కాస్త అవతలికి వెళ్ళండి" అనే తోలుతారు. మా వైపు రాజుల ఇళ్ళలో ఈ మర్యాద మామూలే గానీ, పిల్లి దాకా తీసుకెళ్ళింది మాత్రం నాకు తెలిసి ఈవిడొక్కరే. నేను మిషను స్కూల్లో పిల్లల మీద అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకున్న టీచర్ని. ఆవిడ పక్కన కూర్చుంటే నా గొంతు నాకే మోటుగా వినిపిస్తుంది. అయినా సాయంత్రం కబుర్లకి ఆవిడకి నేనూ, నాకు ఆవిడా తప్ప గతి లేదు.

మా ఊరి పేరు చెప్పను. చెబితే మా మున్సిపాలిటీ వాళ్ళు నొచ్చుకుంటారు, వాళ్ళు అంత చెడ్డవాళ్ళేమీ కాదు. భీమవరానికి ఎంతో దూరంలో లేదనుకోండి. ఒక పక్క వరిచేలు, ఒక పక్క రొయ్యల చెరువులు, మధ్యలో మా టౌను. రత్నమాణిక్యం గారిది పాత పెంకుటిల్లు. వీధి వైపు సావిడి, దాని వెనక పెద్ద గది, వంటిల్లు. ఆ తర్వాత నడిమి తలుపు. ఆ తలుపు దాటితే వెనక రెండు గదులు, చిన్న వసారా. వసారాలోంచి సందులోకి ఒక వాకిలి. సందులో ఆ వాకిలికి ఎదురిల్లు మాది.

సందులోని ఆ వాకిలి సంగతి కాస్త చెప్పాలి. పూర్వం రాజుల ఆడవారు ఘోషా పాటించే రోజుల్లో వీధి గుమ్మంలోంచి బయటికొచ్చేవారు కాదు. సందులోకి తెర కట్టిన బండి వచ్చి ఆగేది, వారు ఈ వాకిట్లోంచి ఎక్కి వెళ్ళేవారు. రత్నమాణిక్యం గారు కొత్తకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టింది కూడా ఈ వాకిట్లోంచే. ఘోషా ఎప్పుడో పోయింది. ఆవిడ తోడికోడళ్ళ కూతుళ్ళు కార్లు నడుపుకుంటూ తిరుగుతున్నారు. ఈవిడకి మాత్రం కాళ్ళు ఆ వాకిలికే అలవాటు పడిపోయాయి. పెళ్ళికెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా, ద్రాక్షారామం భీమేశ్వరస్వామి దర్శనానికెళ్ళినా అటునుంచే. వీధి గుమ్మం మగవారిది, చుట్టాలది అని ఆవిడ లెక్క. నేను చాలాసార్లు వెక్కిరించాను. "మరేంటోనండి, కాళ్ళు రావండి" అని నవ్వేసేవారు.

ఆ ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. కోడలు కాపురానికొచ్చిన రోజున అత్తగారు ఆ వాకిలి తాళంచెవి కోడలి చేతిలో పెట్టి, "ఇక ఈ వాకిలి మీదండి" అంటారు. ఇల్లు అప్పగించడమంటే వాళ్ళకి అదే. శ్రీనివాసరాజుకి పెళ్ళై హైమ వచ్చిన రోజున రత్నమాణిక్యం గారు అలాగే తాళంచెవి ఇచ్చారు. నేను చూశాను. ఆ తాళం అప్పటికే తుప్పు పట్టి పనిచెయ్యడం మానేసింది. అయినా హైమ దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుంది.

శ్రీనివాసరాజు ఆవిడకి ఒక్కడే కొడుకు. మంచి పిల్లాడు. పెళ్ళయ్యాక వెనక గదులు బాగుచేయించి, ఏసీ పెట్టించి, దానికోసం వేరే కరెంటు మీటరు వేయించాడు. వసారా మీద శ్లాబు పోయించాడు. కిందటేడాదికి ముందటేడాది వానల్లో, రొయ్యల చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటరు ఆగిపోయిందని చూడ్డానికెళ్ళి కరెంటు షాకు కొట్టి పోయాడు. నేనింతకంటే చెప్పలేను. ఆ రోజు మా సందులో ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు.

పిల్లలు లేరు. హైమకి ఇంకా ముప్పై నిండలేదు. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం చేస్తుంది. పొద్దున్నే వెనక వాకిట్లోంచి స్కూటరు తీసుకుని వెళ్ళిపోతుంది, సాయంత్రం అటునుంచే వస్తుంది. కర్మకాండలు అయిన కొన్నాళ్ళకి రత్నమాణిక్యం గారు వీరమ్మ చేతా, వీరమ్మ మొగుడి చేతా పెద్ద బీరువా జరిపించి నడిమి తలుపుకి అడ్డంగా పెట్టించారు. ఎందుకో నాకు చెప్పలేదు. అడిగితే "అక్కడైతే బాగుంటుందనండి" అన్నారు. దాంతో ఒక ఇల్లు రెండు ముక్కలైంది. హైమ తన వైపు చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకుంది. సాయంత్రం సందు చుట్టూ తిరిగి, వీధి గుమ్మంలోంచి వచ్చి సావిట్లో కూర్చునేది.

"మీకేమైనా కావాలాండి, అత్తయ్య గారండి?"

"ఏమీ వద్దండి. మీరు భోంచేశారాండి?"

"ఆయ్. చేశానండి."

అంతే. చుట్టాలింటికొచ్చినట్టు వచ్చి చుట్టంలాగే వెళ్ళిపోయేది. నాకు ఒళ్ళు మండేది. ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడవాల్సిన వాళ్ళు అండీ అండీ అనుకుంటూ ఎండిపోతున్నారు. వెనక వాకిలికి దారి మూసుకుపోయింది కాబట్టి రత్నమాణిక్యం గారు ఆ తర్వాత గడప దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. దుఃఖంలో ఉన్నారు, వెళ్ళబుద్ధి కావట్లేదనుకున్నాను.

ఈ ఎండాకాలం మున్సిపాలిటీ వాళ్ళు ఇళ్ళన్నీ మళ్ళీ కొలిచారు. వార్డు సచివాలయం నుంచి మంజుష అనే పిల్ల టాబ్ పట్టుకుని వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లే, చురుకైనది. అప్పుడు నేను సావిట్లోనే కూర్చుని మజ్జిగ తాగుతున్నాను. పాపం ఎండలో ఇల్లంతా చుట్టూ తిరిగొచ్చింది. వెనక వేరే వాకిలి, వేరే మీటరు, లోపల వేరే పొయ్యి, మధ్య తలుపుకి బీరువా. చివరికి సావిట్లోకొచ్చి అడిగింది.

"అమ్మగారండి, వెనక సందులో వాకిలి ఎవరిదండి?"

రత్నమాణిక్యం గారు తలుపు పక్కనుంచి, "హైమ గారిదండి" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహంలో కాస్త వెలుగు కూడా వచ్చింది.

"వాళ్ళెప్పటినుంచి ఉంటున్నారండి?"

"ఏళ్ళవుతోందండి. చాలా మర్యాదస్తులండి. ఇంతవరకూ మాట రానివ్వలేదండి."

మంజుష టాబ్‌లో ఏదో నొక్కుకుని, మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. నాకు ఆ మాటల్లో తప్పేమీ వినపడలేదు. ఆవిడ పిల్లి గురించి చెప్పినా అలాగే చెబుతారు.

నోటీసు వచ్చిన రోజున హైమ అన్నయ్య అమ్మిరాజు ఊళ్ళోనే ఉన్నాడు. అతనిది ఉండి దగ్గర పల్లెటూరు. చెల్లెల్ని ఇంటికి తీసుకెళ్ళిపోవాలని అతనికి మొదట్నుంచీ ఉంది. అతన్ని తప్పుపట్టడానికీ లేదు, అన్న కదా. సందులోంచి నన్ను కేకేశాడు.

"టీచరు గారండి, ఈ కాగితం ఏంటో కాస్త చూసి చెబుతారాండి?"

చూశాను. అది వెనక గదులకి విడిగా వచ్చిన ఇంటిపన్ను నోటీసు. కొత్తగా గుర్తించిన ఇల్లు అని రాసి ఉంది. యజమాని గడిలో రత్నమాణిక్యం గారి పేరు. ఉంటున్నవారి గడిలో హైమ పేరు, దాని పక్కన "అద్దెదారు" అని అచ్చు అక్షరాల్లో ఉంది.

"చూశారాండి?" అన్నాడు అమ్మిరాజు. "ఆ ఇంట్లో మా చెల్లెమ్మ గారు అద్దెకుంటున్నారంటండి. మా బావగారు పోయాక అత్తగారి లెక్క ఇదేనన్నమాట."

"ఆ సర్వే పిల్ల పొరపాటుగా రాసి ఉంటుందయ్యా. ఆవిడలా చెప్పలేదు. నేనక్కడే ఉన్నాను" అన్నాను.

వాకిట్లో నిలబడ్డ హైమ కాగితం నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూసింది. "ఎవరు చెబితే ఏంటండి, టీచరు గారు? అందులో తప్పేముందండి. నడిమి తలుపు మూసేశారు. వీధంతా తిరిగెళ్ళి పలకరించి వస్తున్నాను. అద్దెకున్నట్టే ఉన్నానండి" అంది. ఏడవలేదు. అది ఏడ్చి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

"శనివారం కారు తీసుకొస్తానండి. సామాను సర్దుకోండి" అన్నాడు అమ్మిరాజు. హైమ వద్దనలేదు.

నేను గబగబా సందు తిరిగి సావిట్లోకి వెళ్ళాను. రత్నమాణిక్యం గారికి కూడా నోటీసు వచ్చింది, ముందు వైపుది. రెండింటి సంగతీ చెప్పాను. శనివారం సంగతీ చెప్పాను. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు.

"పన్ను ఎంతైనా కట్టేద్దామండి. ఆ మాట మాత్రం తీయించాలండి" అన్నారు చివరికి.

"మాట సంగతి తర్వాత. ముందు హైమని ఉండమని అడగండి" అన్నాను.

"ఎలా అడుగుతానండి? చిన్నపిల్ల. ముందు బోలెడు జీవితముందండి. నాకోసం ఉండిపొమ్మనడం న్యాయమేనాండి? వెళితే వెళ్ళనివ్వండి. కానీ ఈ ఇంట్లో అద్దెకున్నానన్న మాట మోసుకుని వెళ్ళకూడదండి."

నాకు కోపమూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక ఆ నోటీసులు ముందేసుకుని కూర్చున్నాను.

పన్ను నోటీసు వస్తే అందరూ చివరి అంకె చూసి గుండె పట్టుకుంటారు. చూడాల్సింది దాని పైనున్న గళ్ళు. ఇంటి కొలత ఎంత వేశారు, ఎప్పుడు కట్టిందని వేశారు, పెంకుటిల్లా శ్లాబా, సొంతానికా అద్దెకా. ఇవి సరిగ్గా ఉంటే కింది అంకెతో పోట్లాడి లాభం లేదు. ఇవి తప్పైతే కింది అంకె దానంతటదే తప్పవుతుంది. వీధిలో తాపీమేస్త్రిని అడిగి పొడవాటి టేపు తెచ్చాను. ఒక చివర వీరమ్మ పట్టుకుంది, ఇంకో చివర నేను పట్టుకున్నాను. ముందు వైపూ, వెనక గదులూ బయటినుంచి కొలిచాం. కొలిచి చూస్తే తేలిందేంటంటే, ముందు వైపు నోటీసులో ఇల్లంతా కలిపే వేశారు, వెనక గదులతో సహా. తర్వాత అవే వెనక గదులకి మళ్ళీ విడిగా ఇంకో నోటీసు. ఒకే చోటుకి రెండుసార్లు పన్ను. పైగా ఆవిడ మామగారి కాలంనాటి గోడల్ని కొత్త కట్టడం కింద రాశారు.

"అప్పీలు పెడదాం. గడువులోపు పెడితే వినాలి, దాటితే ఎవరూ వినరు" అన్నాను.

నేను రాస్తుంటే ఆవిడ చెప్పారు. "అయ్యా, తమరికి నమస్కారములు. తమరు, తమ కుటుంబము క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టారు.

"అమ్మా, ఇది పెళ్ళిచూపులకి రాసే ఉత్తరం కాదు."

"పోనీ నమస్కారమైనా ఉంచండి."

నమస్కారం ఉంచాను. కొలతల తప్పు మొదట, గోడల వయసు తర్వాత, అద్దె సంగతి చివర రాశాను. ఆవిడ ఒప్పుకోలేదు. అద్దె సంగతే మొదట రావాలన్నారు. ఆఫీసువాళ్ళు అంకెలు చూస్తారు, మాటలు కాదని చెప్పాను. "వాళ్ళు ఏం చూస్తారో నాకు తెలియదండి. హైమ గారు చూస్తారు కదండి" అన్నారు. ఆవిడ అన్నట్టే తిరగరాశాను. సచివాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. అప్పీళ్ళు వింటున్న రోజులు కావడంతో గురువారమే రమ్మన్నారు. ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది, స్వయంగా వచ్చి చెబితే మంచిదన్నారు.

గురువారం పొద్దున్న ఆటో పిలిచి వీధి గుమ్మం ముందు పెట్టించాను. రత్నమాణిక్యం గారు గంజిపెట్టిన చీర కట్టుకుని, కాగితాల సంచి పట్టుకుని సావిట్లోకొచ్చారు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు.

"టైమవుతోందండి."

"మరేమోనండి..." అని గడప వైపు చూశారు. "ఇటునుంచి నేనెప్పుడూ వెళ్ళలేదండి."

"ఘోషా పోయి యాభై ఏళ్ళయింది! మీకోసం ఇక్కడెవరూ తొంగి చూడ్డానికి నిలబడి లేరు!" అని అరిచాను. నా స్కూలు గొంతు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

"తెలుసండి. తప్పేనండి. కాళ్ళు రావట్లేదండి" అన్నారు. ఒక పాదం ఎత్తి, గడప దాటించలేక మళ్ళీ వెనక్కే పెట్టారు. అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ ఆవిడ ఎందుకు ఎక్కడికీ వెళ్ళలేదో. తన దారి తనే బీరువాతో మూసేసుకున్నారు. మూసేసి, ఎవరినీ తెరవమని అడగలేక లోపలే ఉండిపోయారు.

"అయితే బీరువా జరుపుదాం రండి" అన్నాను.

ఆవిడ బెదిరిపోయారు. "వద్దండి, హైమ గారు ఏమనుకుంటారో..."

నేను వినలేదు. వీరమ్మని కేకేశాను. ముగ్గురం కలిసి తోశాం. నేల మీద కీచుమని గీరుకుంటూ అంగుళం అంగుళం జరిగింది ఆ బీరువా. నాకు ఆయాసం వచ్చింది. కోపం మీద ఉన్నాను కదా, అడిగేశాను. "అసలు దీన్ని ఇక్కడెందుకు పెట్టించారండి?"

రత్నమాణిక్యం గారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "నా ఏడుపు ఆవిడకి వినపడకూడదనండి" అన్నారు. "ఆపుకోలేకపోయేదాన్నండి. పక్క గదిలోనే పడుకునేవారు. ఆవిడ దుఃఖం ఆవిడకుంది, నాది కూడా ఆవిడే మొయ్యాలాండి? అడ్డం పెడితే చప్పుడు తగ్గుతుందనుకున్నాను."

వీరమ్మ అప్పటికే ఏడుస్తోంది. నేను "సరే, తియ్యండి తలుపు" అన్నాను.

ఆవిడ చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. "అవతలివైపు గడియ వేసుకుని ఉంటారండి. ఇన్నాళ్ళయినా ఒక్కసారి కూడా తోయలేదు. నేను తెరవకూడదేమోనండి" అన్నారు.

ఇక నావల్ల కాలేదు. తలుపు రింగు పట్టుకుని ఒక్క లాగు లాగాను. వచ్చేసింది. అవతల గడియా లేదు, ఇవతల గడియా లేదు. హైమ ఎదురుగా నిలబడి ఉంది, చేతిలో స్కూటరు తాళంతో. బీరువా చప్పుడు మొదలైన దగ్గర్నుంచీ అక్కడే నిలబడి ఉందని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. మా మాటలన్నీ వింది.

"నేను తోశానండి, అత్తయ్య గారండి" అంది. "కొత్తలో ఒకరోజు తోశాను. రాలేదు. మీకు నా మొహం చూడబుద్ధి కావట్లేదనుకున్నానండి. నన్ను చూస్తే ఆయన గుర్తొస్తారని..."

"గుర్తొస్తారండి" అన్నారు రత్నమాణిక్యం గారు. "అందుకేగా రోజూ సాయంత్రం మీకోసం చూసేదాన్ని."

వాళ్ళిద్దరూ పట్టుకుని ఏడుస్తుంటే నేను వంటింట్లోకి వెళ్ళి ఒక గ్లాసుడు నీళ్ళు తాగాను. ప్రభువా, వీళ్ళ మర్యాద చల్లగుండ అనుకున్నాను. బయట ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఇంకో చిక్కు వచ్చింది. రత్నమాణిక్యం గారు తన వాకిట్లోంచి సందులోకైతే వచ్చారు గానీ, ఆటో సందులోకి రాదు. ఒకప్పుడు బండి పట్టిన సందు ఇప్పుడు అటూ ఇటూ మెట్లు, డ్రైనేజీ కట్టేసరికి స్కూటరు తప్ప ఏదీ పట్టదు. సందు మొగ దాకా నడుద్దామంటే ఎండకి ఆవిడకి కళ్ళు తిరుగుతున్నాయి. హైమ స్కూటరు స్టార్టు చేసి, "ఎక్కండి" అంది. ఆవిడ నా వైపు చూశారు, నేను ఆకాశం వైపు చూశాను. ఎక్కారు. పక్కకి తిరిగి కూర్చుని, ఒక చేత్తో కాగితాల సంచీ, ఇంకో చేత్తో కోడలి నడుమూ పట్టుకుని, "నెమ్మదిగా వెళ్ళండి హైమ గారండి, నెమ్మదిగా వెళ్ళండి" అంటూ వెళ్ళారు. నేను ఒంటరిగా ఆటోలో వెళ్ళాను. మార్కెట్టు దగ్గర వాళ్ళ స్కూటరు నా ఆటోని దాటేసి పోయింది.

ఆఫీసులో చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆఫీసరు గారు నడివయసు మనిషి, విసుగున్నా నోరు జారని మనిషి. కొలతల సంగతి చూసి, పాత రికార్డు తెప్పించి, "నిజమే, రెండుసార్లు పడింది" అని ఒప్పుకున్నారు. తర్వాత అడిగారు.

"కానీ అమ్మా, వేరే మీటరు, వేరే పొయ్యి, వేరే వాకిలి. మీరే సర్వేలో వాకిలి వేరేవాళ్ళదని చెప్పారట కదా?"

ఇంతమంది మగవాళ్ళ మధ్య ఆవిడకి మాట వస్తుందా అని నాకు గుబులు. నేను నోరు తెరవబోయాను. రత్నమాణిక్యం గారు నా చెయ్యి నొక్కి ఆపారు.

"వేరేవాళ్ళదని చెప్పలేదండి. హైమ గారిదని చెప్పానండి. అది మా ఇంటి ఆడవారి వాకిలండి. మా అత్తయ్య గారు నాకిచ్చారు. మా కోడలు గారొచ్చాక నేను ఆవిడకిచ్చానండి. ఇంట్లో అన్నింటికంటే పెద్దది మాకు అదేనండి. అది అద్దెకిస్తారాండి ఎవరైనా?" అన్నారు. కాగితాల సంచి సర్దుకుని మళ్ళీ అన్నారు. "ఆవిడ రేపు పుట్టింటికి వెళ్ళినా, మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో ఉన్నా, ఆ వాకిలి ఆవిడదేనండి. ఎప్పుడొచ్చినా తీసే ఉంటుందండి. మీ కాగితంలో ఆ మాట పట్టకపోతే పోనివ్వండి. అద్దె అన్న మాట మాత్రం కొట్టేయండి."

ఆఫీసరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. హైమ తల వంచుకుని నిలబడింది. కోడలి మళ్ళీపెళ్ళి మాట ఆవిడ అంత మందిలో అంత మామూలుగా అనేస్తారని నేనూ అనుకోలేదు.

"మీరు అద్దె ఏమైనా ఇస్తున్నారామ్మా?" అని హైమని అడిగారు ఆఫీసరు గారు.

"లేదండి" అంది హైమ.

మనిషిని పంపి మళ్ళీ ఇల్లు చూపిస్తామని, అప్పుడు సరిచేస్తామని అన్నారు. ఒక్క విషయంలో మాత్రం మా అప్పీలు నెగ్గలేదు. వసారా మీద శ్లాబు పాత రికార్డులో లేదు, దానికి పన్ను పెరుగుతుందన్నారు. నేను వాదించబోయాను. రత్నమాణిక్యం గారు ఊరుకోమన్నారు. "మా అబ్బాయి గారు పోయించిన శ్లాబండి. ఉన్నదున్నట్టు రాయండి. కడతానండి" అన్నారు.

శుక్రవారమంతా నడిమి తలుపు తెరిచే ఉంది. కానీ హైమ గదిలో మంచం మీద సూట్‌కేసు కూడా తెరిచే ఉందని వీరమ్మ వచ్చి చెప్పింది. రత్నమాణిక్యం గారు అడగరు, హైమ చెప్పదు. నేను అడుగుదామని లేచి, మళ్ళీ కూర్చున్నాను. అది నేను అరిచి తేల్చగలిగే విషయం కాదు.

శనివారం అమ్మిరాజు కారు తెచ్చి వీధి గుమ్మం ముందు ఆపాడు. వచ్చిన మనిషికి భోజనం పెట్టకుండా పంపడం ఆ ఇంట్లో లేదు. రొయ్యల వేపుడు, మామిడికాయ పప్పు, పెరుగు. అమ్మిరాజు కూర్చున్నాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే వంటింట్లో వండి వడ్డిస్తుంటే అతను చూస్తూ తింటున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను, రొయ్యల వాసన మా ఇంటిదాకా వచ్చింది మరి.

సరిగ్గా అప్పుడే వెనక వాకిట్లోంచి మంజుష టాబ్ పట్టుకుని వచ్చింది. మొన్నటి తప్పుకి ఆఫీసరు గారు గట్టిగానే చీవాట్లు పెట్టినట్టున్నారు, పాపం మొహం చిన్నబుచ్చుకుని ఉంది. వెనక గదులు చూసింది, నడిమి తలుపు తీసుందని రాసుకుంది, లోపలికొచ్చి ఆగింది.

"ఏమీ అనుకోకండి అమ్మగారండి, నేను మళ్ళీ అడిగే తీరాలి. వెనక వాకిలి ఎవరిదండి?"

"హైమ గారిదండి" అన్నారు సావిట్లోంచి రత్నమాణిక్యం గారు.

"మా అత్తయ్య గారిదండి" అంది వంటింట్లోంచి హైమ.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. మంజుష అటూ ఇటూ చూసి ఏడుపు మొహం పెట్టింది. "మీరిద్దరూ ఒక మాట మీదకి రండి మేడమ్. లేకపోతే మళ్ళీ రెండిళ్ళు పడతాయి!"

హైమ పెరుగు గిన్నె పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. అత్తగారి వైపు చూసింది. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తున్నారు.

"మాదని రాయండి" అంది హైమ. "మా ఇద్దరిదీ." తర్వాత వంగి అన్నగారి ఆకులో పెరుగు వేస్తూ, "కడుపునిండా తినండి అన్నయ్య గారండి. దారిలో రోడ్డు బాగోలేదు, ఒక్కరే వెళ్ళాలి, చీకటి పడకముందే బయల్దేరండి" అంది.

అమ్మిరాజు చెల్లెలి మొహంలోకి చూశాడు. ఇంకో రెండు ముద్దల అన్నం పెట్టించుకున్నాడు.